మూడవ పాళీ

ముంబయి నగరమున లోయర్ పరేల్ అను పేట కలదు. దానిని, దాని చుట్టునున్న వర్లీ, ప్రభాదేవి, లాల్‌బాగ్ మొదలగు పేటలను కలిపి మరాఠీ సోదరులు గిర్ణగావ్ అని వ్యవహరింతురు. గిర్ణి యనగా మిల్లు. తెలంగాణపు పల్లెలలో పిండి పట్టించు యంత్రమును నేటికిని గిర్నీ యనియే పిలుచుచున్నారు కనుక ఈ మాట మనవారికి ఎన్నడును పరాయిది కాలేదు. ఒకప్పుడు ఈ పేటలో ఆకాశమున కెగసినవన్నియు పొగగొట్టములే. నేడెగసినవి గాజుమేడలు. ఆ మేడల పైకప్పులమీదను, పాత మిల్లుల ఆవరణలలోను రాత్రి ఒంటిగంటన్నర వరకు దీపములు వెలుగుచు, సంగీతము మ్రోగుచు, యువజనులతో క్రిక్కిరిసి యుండు పానశాలలు వెలసినవి. వానిని పబ్బులందురు. నేను వ్రాయబూనినది వానిని గూర్చియే.

ఇట్టి విషయము తెలుగు సంఘపు సంచికలో చోటు చేసికొనదగినదా యని పెద్దలు సందేహింపవచ్చును. మన సంచికలయందు కవులను గూర్చియు, పండుగలను గూర్చియు, వలస వచ్చిన పూర్వుల కష్టసుఖములను గూర్చియు వ్యాసములు ప్రకటించుట పరిపాటి. అయితే ఆ పూర్వులు చెమటోడ్చిన నేలమీదనే ఈ పానశాలలు నిలిచియున్నవి. వారి మనుమలును మనుమరాండ్రును అచటనే శనివారపు రాత్రులు గడపుచున్నారు. మరికొందరు మనుమలు అచటనే పళ్ళెములు మోయుచున్నారు. కనుక ఇది పొరుగింటి ముచ్చట కాదు, మన యింటి ముచ్చటయే.

కావస్‌జీ నానాభాయి దావర్ అను పారసీ వర్తకుడు 1854లో బొంబాయిలో నూలుమిల్లు కంపెనీని నెలకొల్పగా, 1856లో దాని యంత్రములు తిరుగనారంభించినవి. అంతకు మునుపే మనవా రీ నగరమున అడుగిడియుండిరి. నిజాము సీమనుండి వచ్చి కట్టడపు పనులు చేసిన తెలుగు కూలీలను ఇచట కామాఠీలనిరి. వారు కాపురమున్న పేటయే కామాఠిపురము. ఆ పేరు విన్నంతనే నేటివారికి వేరొక అర్థము స్ఫురించుట మన దురదృష్టము. ఆ పేరు మూలమున నున్నవాడు రాళ్ళెత్తిన తెలుగువాడే. తరువాతి కాలమున కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు పెక్కు బయలుదేరినవి. ఇంటి మగ్గము కూడు పెట్టనినాడు కొందరు షోలాపురమున నిలిచిరి, కొందరు భివండి చేరిరి, కొందరు బొంబాయి మిల్లుల గేట్లవద్దకు వచ్చిరి. మా తండ్రి ఈ కడపటివారిలో ఒకడు.

ఆయన 1946లో సిరిసిల్ల దాపునున్న పల్లెనుండి వచ్చెను. తొలుత దొరికినది బద్లీ పని. బద్లీ యనగా పనికి రానివాని స్థానమున ఆనాటికి నిలుచువాడు. గేటువద్ద వేచియుండుట, జాబరు వ్రేలు చూపినచో లోనికి పోవుట, చూపనిచో గదికి మరలుట: ఇట్లు మూడేండ్లు గడచిన పిమ్మట ఆయనకు సాంచెల ఖాతాలో స్థిరమైన పని కుదిరినది. నివాసము వర్లీలో 1920 దశకమున ప్రభుత్వము కట్టించిన బీడీడీ చాళ్ళలో ఒక గది. 160 చదరపు అడుగుల చోటు. అందులో పదునాలుగుగురు మనవారుండెడివారు. మిల్లు మూడు పాళీలు నడచుటచేతనే ఆ గది వారికి సరిపోయినది. ఒకని పక్క చల్లారకముందే వేరొకడు దానిపై నడుము వాల్చెడివాడు. వేసవిలో అందరును గచ్చిమీదికి పోయి పండుకొనెడివారు. గచ్చి యనగా ఈ ప్రాంతపు భాషలో మేడపైనున్న చదునైన కప్పు. మా అమ్మ కాపురమునకు వచ్చిన తరువాతను, మేము పుట్టి పెరిగిన తరువాతను ఆ గచ్చియే మాకు పడకటిల్లు, చదువుల గది, పండుగనాటి మండపము.

మిల్లు మొదటి పాళీ ప్రొద్దుట ఏడు గంటలకు, రెండవది మూడున్నరకు, మూడవది అర్ధరాత్రికి ఆరంభమయ్యెడిది. పాళీ మారునప్పుడు భోంగా మ్రోగెడిది. ఆ కూతతోనే మా వాడ నిద్రించుటయు, మేల్కాంచుటయు. మూడవ పాళీకి పోవువాని కొరకు రాత్రి పదునొకండు గంటలకు పొయ్యి రాజుకొనుట మాకు వింత కాదు. వీధిలో టీకొట్లు తెరచియుండెడివి. ఒంటరి కార్మికులకు అన్నము పెట్టు ఖానావళులలో ఇల్లాండ్రు రొట్టెలు కాల్చుచుండెడివారు. రాత్రి నిశ్శబ్దముగ నుండవలెనను నియమము ఆ పేట ఎన్నడును ఎరుగదు.

అయితే ఆ రాత్రి పురుషులది. 1948నాటి ఫ్యాక్టరీల చట్టము స్త్రీలను రాత్రివేళ ఫ్యాక్టరీలలో పనిచేయనీయలేదు. వారి రక్షణకొరకని చెప్పిరి. రక్షణ యొకింత కలిగినది, పని కొంత తగ్గినది. నూలు చుట్టు ఖాతాలలో పనిచేసిన స్త్రీలు ప్రొద్దు క్రుంకక మునుపే గేటు దాటి రావలసినదే. మా అమ్మకు బొంబాయి రాత్రి తెలిసినది ఒక్క బతుకమ్మ తొమ్మిదినాళ్ళలోనే. చాళి ముంగిట పూలు పేర్చి, పది పదునొకండు గంటల వరకు చప్పట్లు చరచుచు తిరిగెడివారు. మగవారు దూరమున నిలిచి చూచెడివారు. రాత్రివేళ ఆడువారు పాడుచున్నారని ఎవరును తప్పు పట్టిన జ్ఞాపకము నాకు లేదు.

1982వ సంవత్సరము జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున దాదాపు 2.5 లక్షల మిల్లు కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మె లాంఛనముగ విరమింపబడినదే కాదు. ఎండిన చెరువువలె క్రమముగ ఇంకిపోయినది. మిల్లులు ఒకటొకటిగ మూతపడినవి. మా తండ్రి పనిచేసిన మిల్లు పేరు ఇచట అనావశ్యకము. దానినుండి ఆయనకు మరల పిలుపు రాలేదు, రావలసిన సొమ్ము సగము వచ్చుటకే ఏండ్లు పట్టినది. అటుపై మిగిలినది భూమి. 1991నాటి నియమముల ప్రకారము మిల్లు భూమిని మూడు భాగములు చేసి, ఒకటి నగరపు ఉద్యానములు మొదలగువానికి, ఒకటి సామాన్యుల గృహములకు, ఒకటి యజమానికి రమారమిగ పంచవలసి యుండెను. 2001లో ఆ నియమమును సవరించి, కట్టడములు లేని ఖాళీస్థలమునకు మాత్రమే ఈ పంపకము వర్తించునట్లు చేసిరి. 2006 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము ఆ సవరణను సమర్థించినది. పంచుటకు మిగిలినది స్వల్పమైనది. కట్టుటకు దొరికినది విస్తారమైనది. కార్యాలయములు వచ్చినవి, అంగళ్ళు వచ్చినవి, వాని వెంట భోజనశాలలును పబ్బులును వచ్చినవి. కొన్నిచోట్ల పాత పొగగొట్టమును అలంకారముగ నిలిపిరి.

నా మనుమరాలు అట్టి ఒక మిల్లు ఆవరణలోని కార్యాలయమున లెక్కలు చూచు ఉద్యోగము చేయుచున్నది. 2024 ఫిబ్రవరిలో తన పుట్టినరోజునాడు స్నేహితులను, మమ్మును ఒక మేడమీది పబ్బుకు పిలిచినది. నేను పురపాలక పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొనినవాడను; డెబ్బది యేండ్లవాడను. నాకచట పనియేమని వెనుదీయగా ఆమె యిట్లన్నది:

"తాతా, నువ్వు రాకుంటే నేను కేకు కొయ్య. ముత్తాత పన్జేసిన జాగ అది. నువ్వు సూడకుంటే ఇంకెవరు సూస్తరు?"

ఆ మాటకు బదులు లేక వెళ్ళితిని. లిఫ్టు ఆరవ అంతస్తునకు చేర్చినది. ద్వారమువద్ద వయస్సు ధ్రువపత్రములు పరీక్షించుచున్న యువకుడు నన్ను చూచి నవ్వి, పత్రమడుగకయే నా మణికట్టునకు ఒక కాగితపు పట్టీ చుట్టెను. లోన రాగిరంగు పీపాలు, తీగలకు వ్రేలాడు చిన్న దీపములు, చెక్కబల్లలు, నిలుచుండి మాటలాడువారి గుంపులు. ఒక మూల ఎత్తయిన అరుగుమీద పాటలు కలుపు యువకుడు చెవులకు డిప్పలు తగిలించుకొని ఊగుచుండెను. ఆ ధ్వని చెవులతో వినునది కాదు, ఱొమ్ముతో వినునది. పిల్లలు ఒకరి చెవిలో ఒకరు అరచుచుండిరి. అదియు ఆననినాడు చేసైగలు చేయుచుండిరి.

అది చూచినంతనే మా తండ్రి జ్ఞప్తికి వచ్చెను. వందలాది సాంచెలు ఒక్క కప్పు క్రింద కొట్టుకొనుచుండగా మనుష్యుని మాట వినబడదు. నేతగాండ్రు పెదవుల కదలికను, చేసైగను బట్టి మాటలాడుకొనెడివారు. ఆయన ఇంటికి వచ్చియు అరచియే మాటలాడెడివాడు. వినికిడి తగ్గెనని మాకు చాలకాలము తెలియలేదు, కోపమనుకొనెడివారము. ఆయన చెవులు కూటికొరకు మొద్దుబారినవి. ఈ పిల్లలు అట్టి ధ్వనిని ధనమిచ్చి కొనుచున్నారు. ఇది నవ్వవలసిన విషయమో, చింతింపవలసిన విషయమో నేను నిశ్చయింపలేకపోతిని. ఒకటి మాత్రము సత్యము: ధ్వని నచ్చనివాడు పబ్బునుండి లేచిపోవచ్చును, సాంచె వద్దనుండి లేచిపోరాదు.

పిట్టగోడవద్ద నిలిచి చూచితిని. క్రింద ఒక పాత ఖాతా కప్పు రంపపు పళ్ళవలె కనబడినది. ఎండ నేరుగ పడక, వెలుతురు మాత్రము సమముగ నేతపై పడుటకై అట్లు కట్టెడివారు. దాని ఆవల మా చాళ్ళు. వానిని పడగొట్టి, ఆ చోటనే కాపురస్తులకు పెద్ద యిండ్లు కట్టుచున్నారు. నా మనుమరాలు ప్రక్కకు వచ్చి, "ముత్తాత సాంచె యాడ ఉంటుండె?" అని అడిగినది. చూపితిని. ఆమె స్నేహితులలో ఒక బెంగాలీ పిల్లయు, ఒక మరాఠీ పిల్లవాడును వచ్చి చేరిరి. ఆ పిల్లవాని తాతయు మిల్లులో పనిచేసినవాడే. అంతటి రొదలో అరగంట సేపు వారికి బద్లీ యననేమో, భోంగా యననేమో అరచి చెప్పితిని. పాఠశాలలో ముప్పదియేండ్లు చెప్పిన పాఠములకు అంత శ్రద్ధగల శ్రోతలు దొరకుట అరుదు. నేను అనాసరసము త్రాగితిని. వారు బీరు త్రాగిరి. కేకు కోసిరి. పాట మారినప్పుడు ఆమె మా ముసలిదాని చేయి పట్టుకొని గుండ్రముగ త్రిప్పినది. మా ముసలిది సంగీతముతో సంబంధము లేకయే బతుకమ్మ అడుగు వేసినది.

మద్యమును గూర్చి నాకు భ్రమలు లేవు. 1949నాటి బొంబాయి మద్యనిషేధ చట్టమును గట్టిగ అమలు జరిపిన దినములలో చాటుగ కాచిన సారాయి మా గల్లీలలో దొరకెడిది. జీతపుదినమున ఇల్లాండ్రు బిడ్డలను చంకనిడుకొని మిల్లు గేటువద్ద నిలిచెడివారు. మగడు సారాయి అంగడికిని, వడ్డీవానికిని చిక్కకమునుపే జీతము చేతబట్టవలెనని వారి ఆరాటము. మా అమ్మయు నిలిచినది. ఆ చట్టము నేటికిని కలదు. దాని క్రిందనే పబ్బులకు అనుమతు లిచ్చుచున్నారు. 21 ఏండ్లు నిండనివానికి బీరైనను పోయరాదు. తీవ్రమద్యమునకు 25 నిండవలెను. త్రాగుడు ఇల్లు గుల్లచేయుట నాడెంత సత్యమో నేడంత సత్యము. గాజుగ్లాసులో పోసినంతమాత్రమున దాని గుణము మారదు. కాని ఒక భేదమును గుర్తింపక తప్పదు. నాడు స్త్రీ గేటు బయట నిలిచి, లోనివాని జీతము కొరకు వేచియుండినది. నేడామె తన జీతముతో లోన కూర్చున్నది. ఆమెకు బుద్ధి చెప్పదలచినవారు ఈ భేదమును ఎరిగి చెప్పవలెను.

ఇక ఆ రాత్రి మాకు పళ్ళెములు తెచ్చిన యువకుడు మా చాళి పిల్లవాడే యని తరువాత తెలిసినది. యజమాని యెదుట పలుకరింపక, మెట్లవద్ద వచ్చి నమస్కరించెను. అతని తాత, మా తండ్రి ఒకే గదిలో ఉండినవారు. పానశాల ఒంటిగంటన్నరకు మూయబడును. ఆ తరువాత బల్లలు తుడిచి, గ్లాసులు కడిగి, లెక్క అప్పగించి బయటపడునప్పటికి రెండున్నర దాటును. లోకల్ బండ్లు అప్పటికి ఆగిపోయి యుండును. నాలుగు గంటల ప్రాంతమున మరల కదలును. కాలినడకను ఇల్లు చేరగలిగినవాడు అదృష్టవంతుడు. కల్యాణ్‌నుండి వచ్చువాడు స్టేషనులో కూర్చుండవలసినదే. "రోజూ పండుగవలె నున్నది గదా నీ పని" అని నేననగా అతడు నవ్వి యిట్లన్నాడు:

"కాకా, ఆళ్ళకు పార్టీ. మాకు పాళీ."

పదమొక్కటే అక్షరమున మారినది. ఉన్న విషయమంతయు అందులో ఇమిడినది. మిల్లుల మూడవ పాళీ అర్ధరాత్రి ఆరంభమయ్యెడిది. పబ్బు నిండుగ నుండునదియు ఆ వేళనే. 2020 జనవరి చివర మహారాష్ట్ర ప్రభుత్వము ముంబయిలో జనావాసములు కాని చోట్లను, మిల్లుల ఆవరణలలోను, మాళ్ళలోను అంగళ్ళును భోజనశాలలును అహోరాత్రములు తెరచియుంచుటకు అనుమతించెను. మద్యమునకు మాత్రము ఒంటిగంటన్నరయే హద్దు. మూడవ పాళీ మరల చట్టసమ్మతమైనదని నేను భావించితిని. అయితే నాటి పాళీకి యూనియను ఉండెను, హాజరుపట్టీ యుండెను, రాత్రిభత్యమును గూర్చి వాదించుటకు మనిషి యుండెను. నేటివానికి తనకు రావలసినదేమో చెప్పువాడు అరుదు. మన సంఘములు విద్యార్థులకు వేతనములిచ్చుచున్నవి, మంచిదే. ఈ పిల్లలకు నియామకపత్రమును, భవిష్యనిధిని, బీమాను గూర్చి చెప్పు ఒక ఆదివారపు సభను ఏర్పరచినచో వ్యయము స్వల్పము, ఉపకారము పెద్దది.

ఆ పుట్టినరోజు కథ అంతటితో ముగియలేదు. ఆ సంవత్సరమే మనుమరాలికి ఒక సంబంధము వచ్చినది. మాటలు సగము నడచిన పిమ్మట పిల్లవాని పెద్దలు కబురంపిరి: "అమ్మాయి పబ్బులో ఉన్న ఫొటో చూసినం. మాది సంప్రదాయపు ఇల్లు." ఆ ఫొటో నేనును చూచితిని. ఆమె నవ్వుచున్నది, ఆమె భుజమువద్ద ఒక ముడుతలుపడిన చేయి, దానికొక కాగితపు పట్టీ. ఫొటో తీసినవాడు అంతవరకే పట్టినాడు. "తాతా, నీ పక్కన్నే కూసున్న. నువ్వు ఫొటోల రాలె, గంతే" అని మనుమరాలు నవ్వినది. తరువాత ఆ పిల్లవాడే స్వయముగ ఆమెకు ఫోను చేసి, తానును ప్రతి శనివారము పోవుదుననియు, పెద్దల మాటలు పట్టించుకొనవలదనియు చెప్పెనట. "మరి నిన్నెవ్వరన్న అడిగిండ్రా?" అని ఆమె ప్రశ్నించినది. ఎవరును అడుగలేదట. ఆమె ఆ సంబంధము వలదన్నది. మా కోడలు రెండునాళ్ళు అన్నము సరిగ తినలేదు. నేను మనుమరాలి పక్షముననే నిలిచితిని. పబ్బుకు పోవుట దోషమైనచో ఇరువురికిని దోషము. కానిచో ఇరువురికిని కాదు. కొడుకును అడుగని ప్రశ్నను కోడలిని అడుగుట సంప్రదాయము కాదు, సౌకర్యము.

నగరములో వినోదము వెదకుట మనజాతికి క్రొత్తగ అంటిన జాడ్యమని చెప్పుటయు సరికాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామములో ఇరువురు మిత్రులు ఓరుగల్లు వీధులలో ఒక దినమంతయు తిరిగి పూటకూటియింటను, కోడిపందెములను, ఆటపాటలను అనుభవించుటయే కథ. మా పూర్వులు విడిచివచ్చిన సీమకది రాజధాని. సంబరము మనవారికి తెలిసినదే. తెలియవలసినది దాని హద్దు, దాని భద్రత.

భద్రత యనగానే 2017వ సంవత్సరమును స్మరింపక తప్పదు. ఆ యేడు నవంబరులోనే నగరపాలక సంస్థ మేడమీది భోజనశాలలకు ఒక విధానము నేర్పరచినది. డిసెంబరు 29వ తేదీ, అర్ధరాత్రి దాటిన వేళ, లోయర్ పరేల్‌లోని కమలా మిల్స్ ఆవరణలో మేడమీది పానశాలలో మంటలు చెలరేగి 14 మంది మరణించిరి. వారిలో 11 మంది స్త్రీలు. ఎండవానలకు అడ్డముగ వేసిన కప్పు త్వరగా అంటుకొనినది. పొగకు ఉక్కిరిబిక్కిరియై, త్రోవ తెలియక స్నానపు గదులవైపు పోయినవారు పెక్కురు అచటనే మరణించిరి. మరునాడు నగరపాలక సంస్థ వందలకొలది భోజనశాలలలో అక్రమ కట్టడములను కూల్చినది. ఆ వారమున మా చాళి ముంగిట ఒక పెద్దమనిషి, "ఆడపిల్లలకు అర్ధరాత్రి అక్కడ ఏం పని?" అన్నాడు. అట్లనినవాడు అతడొక్కడే కాదు.

దానికి మూడు నెలల మునుపు, సరిగా సెప్టెంబరు 29వ తేదీనాడు, అదే పేటలో పగటివేళ, పదిన్నర ప్రాంతమున, ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు, పరేల్ స్టేషన్లను కలుపు వంతెన మెట్లమీద త్రొక్కిసలాట జరిగి 23 మంది మరణించిరి. వాన కురియుచుండుటచే జనులు మెట్లపై నిలిచిరి. బండ్లు దిగినవారు వెనుకనుండి వచ్చి చేరిరి. మిల్లుల చోట కార్యాలయములు లేచి జనము పెరిగినను ఆ మెట్లు పెరుగలేదు. ఆ స్టేషనునకు 2018లో ప్రభాదేవి యని పేరు మార్చిరి. మరణించినవారు ఉద్యోగమునకు పోవువారు, పూలమ్ముకొనువారు. వారికి ప్రొద్దుటివేళ అక్కడ ఏమి పని యని ఎవరును అడుగలేదు. అడుగరు కూడ. ఒకచోట పగలు, ఒకచోట రాత్రి. ఒకచోట బ్రతుకుతెరువు, ఒకచోట వినోదము. రెండుచోట్లను మనుష్యులు చనిపోయినది బయటపడుటకు తగిన త్రోవ లేకపోవుటచేతనే. ఆ కాలమున నేను పోగొట్టుకొనినవా రెవరును లేరు. అయినను నా మనుమరాలు ప్రతిదినము ఆ మెట్లు దిగి, కొన్ని రాత్రులు ఆ మేడలెక్కుచున్నది. కనుక పెద్దవాడనైన నేను ఆమెను అడుగవలసిన ప్రశ్న వేళను గూర్చినది కాదు, త్రోవను గూర్చినది.

నేడు మా యింట ఆ విధముగనే అడుగుచున్నాము. పోవుచోట రెండవ మెట్లదారి ఎక్కడ? దాని తలుపు తెరచియున్నదా, సామానులు పేర్చియున్నవా? పైకప్పు గుడ్డదా, వెదురుదా, రేకుదా? త్రాగినవాడు బండి నడపునా, లేక టాక్సీ పిలుచునా? కడపటి లోకల్ తప్పినచో తోడెవరు? ఎవరి గ్లాసును ఎవరు కనిపెట్టుచుందురు? మనుమనికిని ఇవే ప్రశ్నలు, మనుమరాలికిని ఇవే ప్రశ్నలు. తొలుత వారు విసుగుకొనిరి. ఇప్పుడు మనుమరాలు లోనికి పోయినంతనే రెండవ దారి ఫొటో తీసి నాకు పంపుచున్నది. ఒకసారి దారికడ్డముగ ఖాళీ బీరుపెట్టెలు పేర్చియుండగా నలుగురు స్నేహితులు కలిసి నిర్వాహకునితో చెప్పి తీయించి, అటుపిమ్మట కూర్చుండిరట. దాచిపెట్టి పోవు పిల్లలకు ఈ ధైర్యము రాదు. ఇంట చెప్పి పోవుటకు వీలున్నవారికే వచ్చును. పిల్లలు చెప్పి పోవునట్లు చేయుట పెద్దల పని.

ఈ సంచిక చదువు మిత్రులు షోలాపురమున, బెంగుళూరున, మద్రాసున, బరంపురమున, యానామున ఎచట నున్నను ఒక విన్నపము. పబ్బుల మెట్లను గూర్చి మాటలాడుటకు ముందు మన కల్యాణమండపముల, సంఘభవనముల మెట్లను చూడుడు. ఉగాదికిని బతుకమ్మకును మనము వందలాదిగ మేడపై చేరుదుము. వృద్ధులు, పసిపిల్లలు, పట్టుచీరలు కట్టిన స్త్రీలు. మా సంఘభవనమున వెనుకవైపు మెట్లదారి యొకటి కలదని నేటి సభ్యులలో సగమునకు తెలియదు. మడతకుర్చీలు, షామియానా గుంజలు, వంట గుండిగలు అందులో పేర్చియుండెను. గత బతుకమ్మకు పదిదినముల ముందు నేను మనుమరాలిని వెంటబెట్టుకొని కార్యదర్శిగారి వద్దకు పోయి విషయము చెప్పితిని. ఆయన అడ్డు చెప్పలేదు. నలుగురు యువకులు, వారిలో ఆ పబ్బులో పళ్ళెములు మోయు పిల్లవాడొకడు, ఒక ఆదివారము ప్రొద్దుటి నుండి మధ్యాహ్నము వరకు సామానంతయు క్రిందికి దింపిరి. కడపట తలుపు తాళమునకు చెవి ఎవరివద్దను దొరకలేదు. తుప్పుపట్టిన ఆ తాళమును సుత్తితో పగులగొట్టవలసి వచ్చినది.